బఠానీ గింజంత చేప, దాని సొంతూరు పంబ

మాల వేసుకున్న స్వాములకి పంబ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కార్తీకం వచ్చిందంటే మన ఊళ్ళ నుంచి రైళ్ళకి రైళ్ళు నిండిపోయి ఆ దారి పడతాయి. ఇరుముడి నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కేముందు అందరూ మునిగేది ఆ నీళ్ళలోనే. అదే పంబలో బఠానీ గింజంత చేప ఒకటి ఉంది. స్వాములు పంబకి వెళ్తుంటే, అది పంబ నుంచి బయల్దేరి ప్లాస్టిక్ కవర్లలో దేశదేశాలు తిరుగుతోంది. అక్వేరియం పెట్టుకునేవాళ్ళు దాన్ని పీ పఫర్ అంటారు. పూర్తిగా పెరిగినా రెండున్నర సెంటీమీటర్ల దరిదాపుల్లోనే ఆగిపోతుంది. ప్రపంచంలోని అతిచిన్న పఫర్ చేపల్లో ఇదొకటి.

దీని శాస్త్రీయ నామం కారినోటెట్రాడాన్ ట్రావన్‌కోరికస్. చివర్లో ఉన్న ట్రావన్‌కోరికస్ అంటే తిరువాన్కూరుది అని. 1941లో సుందర్‌లాల్ హోరా, కె.కె. నాయర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పంబలో దొరికిన చేపని చూసి ఈ పేరు పెట్టారు. అంటే ఆధార్ కార్డులో అడ్రస్ ఉన్నట్టు, ఈ చేప పేరులోనే ఊరు ఉంది. చాలక్కుడి, పెరియార్ లాంటి మిగతా కేరళ నదుల్లోనూ, కర్ణాటక దక్షిణాన కొన్నిచోట్లా కూడా ఉంటుంది. పడమటి కనుమలు దాటితే ఇంకెక్కడా సహజంగా పుట్టదు.

మియాపూర్‌లో మా టూ బీహెచ్‌కేకి ఇది నా రూమ్మేట్ వల్ల వచ్చింది. వాడికి డల్లాస్ ఆన్‌సైట్ ఖాయమవగానే బైకు అమ్మేశాడు, ఫ్రిజ్ అమ్మేశాడు, పరుపు వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు. రెండడుగుల ట్యాంకు దగ్గరికొచ్చేసరికి మాత్రం "మామా, వీటిని ఎవరికీ ఇవ్వను. నువ్వే చూసుకోవాలి" అన్నాడు. అందులో ఆరు చేపలు. వాడిచ్చిన హ్యాండోవర్ డాక్యుమెంట్ మా ప్రాజెక్టులో నేను చూసిన ఏ డాక్యుమెంట్ కన్నా పద్ధతిగా ఉంది. మొదటి లైన్: "ఇవి డ్రై ఫుడ్ తినవు. ట్రై చెయ్యకు."

నిజంగానే తినవు. గోల్డ్‌ఫిష్‌కి వేసినట్టు గింజలు వేస్తే దగ్గరికొచ్చి, ఓ చూపు చూసి, వెళ్ళిపోతాయి. ఆ చూపే వేరు. రెండు కళ్ళూ దేని పని అది చేసుకుంటాయి. ఒకటి నా వైపు తిరిగి ఉంటే ఇంకోటి ఆకు మీదున్న నత్తని వెతుకుతుంటుంది. నత్త కనపడగానే రెండు కళ్ళూ ఒకచోటికి వస్తాయి, తోక కొంచెం వంకర తిరుగుతుంది, టక్కున ఒక్క కొరుకుడు. పఫర్ కుటుంబానికి నాలుగు పళ్ళ చేపలని అర్థం వచ్చే పేరుంది. ఆ నాలుగూ అతుక్కుపోయి రామచిలుక ముక్కులా తయారవుతాయి. ఆ ముక్కు జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది కాబట్టి నత్త గుల్లల్లాంటి గట్టి తిండి కూడా ఉంటే అరుగుతుంటుంది. అందుకని వంటింటి కిటికీలో ఒక గాజు సీసా పెట్టి నత్తలు పెంచడం మొదలుపెట్టాను. అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆ సీసా చూసి, "నత్తలకి తోటకూర పెట్టి పెంచి, వాటిని చేపలకి వేస్తావా? నీకు పెళ్ళి చేస్తే కుదురుతావురా" అంది. ఆ రెండింటికీ సంబంధం ఏమిటో ఇప్పటికీ అర్థం కాలేదు.

పఫర్ అనగానే అందరూ అడిగేది ఒకటే: "బెలూన్‌లా ఉబ్బుతుందా? ఉబ్బించి చూపించు!" ఉబ్బుతుంది. గబగబా నీళ్ళు మింగి, సాగే పొట్టని నింపేసుకుని గుండ్రంగా అయిపోతుంది. అడ్డుపడటానికి పక్కటెముకలు కూడా ఉండవు. కానీ అది ప్రాణభయంతో చేసే పని. వీడియో కోసం చేప మీద చెయ్యి వేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ట్యాంకు మార్చాల్సి వచ్చినా వలతో పైకి లేపకూడదు. భయపడి నీళ్ళకి బదులు గాలి మింగిందంటే అది బయటికి పోక తలకిందులుగా తేలుతుంది. చిన్న గ్లాసుతో నీళ్ళతో సహా ముంచి తియ్యాలి.

ఇక రొటీన్ పనులు. చేప వదిలే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. అది కుదరకుండా చేపని తెచ్చి వేస్తే దాన్ని విషంలో వేసినట్టే. పఫర్లకి పొలుసులుండవు కాబట్టి మరీ సున్నితం. వారం వారం కొంత నీరు మారుస్తాను, కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోయే మందు కలుపుతాను. చేపలు ఒకదాన్నొకటి తరుముకుంటాయి కనుక ట్యాంకు నిండా మొక్కలుండాలి, ఎదుటివాడి కంటపడకుండా దాక్కునే చోటు ప్రతి ఒక్కదానికీ దొరకాలి. అంతే.

ఆరులో రెండు వయసైపోయి వెళ్ళిపోయాయి. నాలుగు మిగిలాయి. ఇంకో రెండు తెద్దామని అక్వేరియం షాపుకి వెళ్తే షాపన్న ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "ఎన్ని గావాలె అన్నా? కేరళ నుంచి డబ్బా వస్తది" అన్నాడు.

"ఎక్కడ పెంచుతారు వీటిని?"

"వీటిని ఎవడు పెంచుతడన్నా? వాగులల్ల పట్టుడే."

గప్పీలు, మోలీలు, గోల్డ్‌ఫిష్‌లు ఫారాల్లో పుట్టి పెరుగుతాయి. పీ పఫర్ అలా కాదు. షాపుల్లో కనపడేవాటిలో ఎక్కువ భాగం నది నుంచి నేరుగా వచ్చినవే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ రెడ్ లిస్టులో ఇది ముప్పు అంచున ఉన్న జాతుల్లో, వల్నరబుల్ అనే వర్గంలో ఉంది. అక్వేరియం వ్యాపారం కోసం ఇష్టమొచ్చినట్టు పట్టడం, నదుల పరిస్థితి పాడవడం, రెండూ కారణాలే. ఆరోజు చేపలు కొనకుండా వచ్చేశాను. ఆ వాగేదో ఓసారి చూసి రావాలనిపించింది.

ఫోన్‌లో చెబితే నాన్న, "పంబకా? నేనూ వస్తా" అన్నారు. నాన్న గురుస్వామి. పద్దెనిమిదో ఏడు కొబ్బరి మొక్క భుజాన వేసుకుని కొండెక్కిన మనిషి. "మాల లేకుండా పైకి మాత్రం రాను. ఏరు దాకా వస్తా" అని షరతు పెట్టారు. సీజన్ అంటే నవంబర్ మధ్య నుంచి జనవరి మధ్య దాకా. మేం ఫిబ్రవరిలో వెళ్ళాం. శబరి ఎక్స్‌ప్రెస్‌లో నేను సికింద్రాబాద్‌లో ఎక్కితే నాన్న గుంటూరులో పులిహోర డబ్బాతో ఎక్కారు. శరణుఘోష లేని ఆ రైల్లో ఆయనకి నిద్ర పట్టలేదంట. కోయంబత్తూరు దాటి పాలక్కాడ్ వైపు తిరిగాక కిటికీ బయట రంగు మారిపోతుంది. ఎండు గోధుమరంగు పోయి అంతా ఆకుపచ్చ. మర్నాడు చెంగన్నూరులో దిగాం.

పంబ పీర్‌మేడు పీఠభూమి మీద పుళచ్చిమల కొండల్లో పుడుతుంది. 176 కిలోమీటర్లు ప్రవహించి వెంబనాడు సరస్సులో కలుస్తుంది. స్వాములు చూసేది పైన అడవిలో ఉండే పంబని. కింద రాన్ని, ఆరన్ముళ, చెంగన్నూరు మీదుగా వెళ్ళే పంబ వేరే మనిషిలా ఉంటుంది. రాన్ని దగ్గర బస్సు దిగి చూస్తే బండరాళ్ళ మధ్య నీళ్ళు పరుగులు తీస్తున్నాయి. అక్కడ మా చేప ఉండే అవకాశం లేదని చూడగానే తెలిసింది. రెండంగుళాలు కూడా లేని ప్రాణి, గుండ్రటి ఒళ్ళు, చిన్న చిన్న రెక్కలు. అది ఈదుతుంటే హెలికాప్టర్ ఆకాశంలో ఒకచోట నిలబడ్డట్టుంటుంది. వడి నీళ్ళలో క్షణం నిలవలేదు.

ఆరన్ముళలో ఏరు విశాలమైపోయింది. పార్థసారథి గుడి మెట్లు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. ఓణం తర్వాత ఉత్తరాభాద్ర నక్షత్రం నాడు ఇక్కడే పాము పడవల పోటీలు జరుగుతాయి. పళ్ళియోడం అనే ఆ పొడుగాటి పడవలు ఒడ్డు వెంట షెడ్లలో తలెత్తుకుని పడుకుని ఉన్నాయి. గాజు లేకుండా రాగి, తగరం కలిపిన లోహాన్ని రుద్ది రుద్ది చేసే ఆరన్ముళ అద్దం కూడా ఈ ఊరిదే. ధర అడిగి, మా ముఖాలకి స్టీలు ప్లేటు చాలులే అనుకుని బయటికొచ్చాం. హోటల్లో గులాబీ రంగు వేడినీళ్ళు పెడితే నాన్న అనుమానంగా చూశారు. పదిముగం చెక్క వేసి కాచిన నీళ్ళవి, కేరళలో మామూలే.

మెట్ల మీద ఓ పెద్దాయన కూర్చుని ఉన్నారు. మాకు మలయాళం రాదు, ఆయనకి తెలుగు రాదు. నాన్న ఇన్నేళ్ళ యాత్రల్లో పోగేసుకున్న తమిళం, నా ఇంగ్లిష్, చేతి సైగలు కలిపి పని నడిపించాం. ఫోన్‌లో చేప ఫొటో చూపిస్తే ఆయన నవ్వి ఒకే మాట అన్నారు: "ఆట్టుండ."

నాన్న వెంటనే పట్టేశారు. "ఆరు అంటే ఏరు రా. ఉండ అంటే మన సున్నుండలో ఉండే. ఏటి ఉండ!" లాటిన్ పేరు పలకడానికి నాకు వారం పట్టింది. ఈ పేరు మాత్రం మాకు చుట్టమే. ఆ పూట నాన్న ముఖంలో గర్వం చూడాలి, చేప ఆయనే కనిపెట్టినట్టు.

పెద్దాయన మమ్మల్ని పెద్ద ఏటి దగ్గర ఉంచలేదు. రబ్బరు చెట్ల పక్కనుంచి నడిపించి, ఏట్లో కలిసే ఒక చిన్న వాగు దగ్గరికి తీసుకెళ్ళారు. వాటిని అక్కడ తోడు అంటారు. దారిలో ఒక ఇంటి గోడ మీద, నా తల కన్నా ఎత్తులో, మట్టి గీత. 2018 ఆగస్టు వరద అక్కడిదాకా వచ్చిందట. ఆ నెలలో చెంగన్నూరు, ఆరన్ముళ, రాన్ని అన్నీ మునిగాయి. పైన స్నానఘట్టాల దగ్గర కట్టడాలు ఇసుకలో కూరుకుపోయాయి. పెద్దవాళ్ళు ఇప్పటికీ 1924 నాటి వరదని తమ కొల్లం సంవత్సరం లెక్కలో తొంభైతొమ్మిదో ఏటి వరద అని చెప్పుకుంటారు. ఇక మీద చెప్పుకోవడానికి ఇంకోటి వచ్చింది.

వాగు మోకాలి లోతు. పైన చెట్ల నీడ, అడుగున కుళ్ళిన ఆకులు, అంచుల్లో దట్టంగా నాచు. నీళ్ళు కదులుతున్నాయో లేదో తెలియనంత నెమ్మది. ఐదు నిమిషాలు ఏమీ కనపడలేదు. నాన్న గొంతుక్కూర్చుని ఉన్నారు, లుంగీ అంచు తడిసిపోతోంది. తర్వాత నాచు పక్కన ఒక ఆకు కదిలింది అనుకున్నాను. అది ఆకు కాదు. పసుపు కలిసిన ఆకుపచ్చ ఒళ్ళు, మీద నల్లటి మచ్చలు. ఒకటి కనపడగానే మిగతావి కూడా కనపడ్డాయి, కన్ను అలవాటు పడ్డట్టు. ఏడో ఎనిమిదో ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి నాచు కొమ్మలు వెతుక్కుంటూ పోతున్నాయి. ఒకటి ఆగి, తోక వంచి, టక్కున కొరికింది. మియాపూర్‌లో రోజూ చూసేదే. కానీ మా ట్యాంకులో గోడ తగిలి వెనక్కి తిరుగుతాయి. ఇక్కడ అలా వెళ్తూనే ఉన్నాయి, వెళ్ళి నాచు చాటున కనపడకుండా పోయాయి. ఫోన్ కెమెరా నీటి మీది మెరుపుని తప్ప దేన్నీ పట్టలేదు. ఒక్క ఫొటో కూడా సరిగ్గా రాలేదు.

"పద్దెనిమిది సార్లు ఈ నీళ్ళలో మునిగా. ఒక్కసారీ కళ్ళు తెరిచి లోపలికి చూడలేదు" అన్నారు నాన్న. కాసేపాగి ఇంకో మాట కూడా అన్నారు. స్నానం చేశాక కట్టుబట్టలు పంబలో వదిలేసే అలవాటు చాలామందికి ఉంది. అది ఆచారం కాదని దేవస్వం బోర్డు చెబుతూనే ఉంది, కేరళ హైకోర్టు కూడా వద్దంది. నాన్న తన గుంపులో స్వాములకి ప్రతి ఏడూ బస్సులోనే గట్టిగా చెబుతారు, అయినా ఒకరిద్దరు వదిలేస్తారు. "ఈసారి ఈ ఉండ కథ చెబుతా. అయ్యప్ప పేరు చెప్పినా వినని వాడు చేప పేరు చెబితే వింటాడేమో" అన్నారు. నాకు నమ్మకం లేదు గానీ ఆయన దగ్గర ఆ మాట అనలేదు.

పెద్దాయన చెప్పిన సంగతులు కొన్ని. ఈ చేపని ఎవరూ తినరు, ఒకప్పుడు వలలో పడితే గట్టున పారేసేవాళ్ళు. తర్వాత ఎవరో వచ్చి కొంటామనేసరికి కుర్రాళ్ళు దోమతెర గుడ్డతో పట్టడం మొదలుపెట్టారు. చేతికి చిల్లర డబ్బులొచ్చేవి. గుడ్లు పెట్టే కాలమా, పిల్ల చేపలా అని చూసేవాళ్ళు లేరు. ఆయనకి వాళ్ళ మీద కోపం లేదు. కోపమంతా ఇసుక తవ్వినవాళ్ళ మీద. ఇసుక తోడీ తోడీ ఏరు లోతైపోయిందని, ఎండాకాలం ఒడ్డున బావులు కూడా ముందే ఎండిపోతున్నాయని చేతితో లోతు చూపించి చెప్పారు. కృష్ణ ఒడ్డున పెరిగిన నాన్నకి ఆ ముక్కకి అనువాదం అవసరం కాలేదు.

తిరుగు రైల్లో నేను లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. పీ పఫర్లు పెంచడం మానెయ్యండి అని రాస్తే సులభంగా ఉంటుంది. కానీ నేను అలా అనుకోవడం లేదు. ఆ వాగుకి అక్వేరియం వాళ్ళ కన్నా పెద్ద శత్రువులు ఉన్నారు. ట్యాంకులో చూసి ఇష్టపడకపోతే నేను ఆ వాగు దాకా వెళ్ళేవాణ్ణే కాదు. అయితే పది రోజుల్లో చంపేసుకుని మళ్ళీ కొనుక్కొచ్చేవాళ్ళ కోసం నదిని ఖాళీ చెయ్యడం మాత్రం న్యాయం కాదు. బౌల్‌లో ఒక్కటి పడేసి, గింజలు వేసి, తినట్లేదని వాపోయేవాళ్ళకి షాపువాళ్ళు దీన్ని అమ్మకూడదు. అమ్ముతారు, అది వేరే సంగతి. మనం చెయ్యగలిగిందల్లా ఒకటుంది. పఫర్లలో చాలా రకాలు ట్యాంకులో గుడ్లు పెట్టవు. ఇది పెడుతుంది.

అలా మొదలైంది మా ఇంట్లో రెండో ట్యాంకు. నాలుగింటిలో ఏది మగదో చూసుకున్నాను. మగదానికి పొట్ట కింద నిలువునా సన్నటి నల్ల గీత ఉంటుంది, కళ్ళ వెనక ముడతలు పడతాయి. ఒక మగ, రెండు ఆడ చేపల్ని జావా మాస్ అనే నాచు దట్టంగా ఉన్న ట్యాంకులోకి మార్చి, బ్లడ్‌వర్మ్‌లు, నత్తలు కడుపునిండా పెట్టాను. మూడో వారం ఓ పొద్దున స్టాండప్ కాల్‌లో ఉండగా కనపడింది. మగది ఆడదాని వెంటపడి నాచులోకి తీసుకెళ్ళింది. ఆ తర్వాత టార్చి వేసి చూస్తే ఆవగింజలో సగం కూడా లేని పారదర్శకమైన గుడ్లు, నాచు కొమ్మల్లో అక్కడొకటి, ఇక్కడొకటి. కాల్‌లో మేనేజర్ "ఎనీ బ్లాకర్స్?" అని అడుగుతున్నాడు. మ్యూట్ తియ్యడం మర్చిపోయాను.

పెద్ద చేపలు తినెయ్యకుండా నాచుతో సహా గుడ్లు వేరే డబ్బాలోకి తీశాను. ఐదారు రోజులకి పొదిగాయి. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. కంటికి ఆననంత నోటికి ఏం పెట్టాలి? మొదట్లో నీళ్ళలో పుట్టే సూక్ష్మజీవులు, తర్వాత అప్పుడే పొదిగిన ఉప్పునీటి రొయ్య పిల్లలు. వాటి గుడ్లు పొడిగా సీసాల్లో దొరుకుతాయి, ఉప్పునీళ్ళలో గాలి పంపుతూ ఉంచితే ఒకటిన్నర రోజులో పిల్లలవుతాయి. అంటే చేప పిల్లల కోసం రొయ్య పిల్లలు, చేపల కోసం నత్తలు. అమ్మకి ఈసారి వీడియో కాల్‌లో కిచెన్ వైపు కెమెరా తిప్పలేదు.

మొదటిసారి పదకొండు పిల్లలొచ్చాయి. రెండు వారాలకి ఐదు మిగిలాయి, ఇప్పుడు మూడు. వీటిలో పెద్దది చిన్నదాన్ని తోక పట్టి కొరుకుతోందని మధ్యలో ప్లాస్టిక్ జాలీ పెట్టాను. షాపన్నకి ఫొటో చూపిస్తే ఈసారి తలెత్తి చూశాడు. "ఇంట్ల పుట్టినయా? నిజంగనా? ఎక్కువైతే నాకియ్యి అన్నా" అన్నాడు. కొనేవాడికి నత్తలు పెంచడం వచ్చా అని అడిగి ఇస్తానంటేనే అన్నాను. నవ్వాడు. ఒప్పుకున్నట్టో కాదో తెలీదు.

నాన్న ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తారు. నా సంగతి అడగడం కన్నా ముందు, "ఉండలెలా ఉన్నాయ్ రా?" అంటారు. మూడూ బాగున్నాయి. పెద్దదాని పొట్ట కింద నిన్నటి నుంచి సన్నగా నల్ల గీత ఒకటి తేలుతోంది. మగదే అనుకుంటున్నా.